అయిదొందల క్యాసెట్ల కన్నారావు మావయ్య

మా కన్నారావు మావయ్యకి ఒకే ఒక్క జబ్బు ఉంది. మనిషి కనిపిస్తే చాలు, "మా పాట విన్నారా?" అని అడుగుతాడు.

"ఏ పాటండీ?" అన్నారో, దొరికిపోయారు. "లంగర్ బాయ్స్ పాట. రాక్ పాట. మా బ్యాండు మొదటి పాట. క్యాసెట్టు కూడా వేశాం" అంటాడు. "అలాగా, వినలేదండీ, ఏదీ ఒకసారి పెట్టండి" అన్నారో, మావయ్య ముఖం వెలిగిపోతుంది. "ఎక్కడ పెడతానండీ! అయిదొందల క్యాసెట్లూ అయిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు" అంటాడు. ఆ పాట వినే రాత లేని ఎదుటి మనిషిని జాలిగా చూసి, భుజం తట్టి వెళ్ళిపోతాడు.

వినిపించడానికి వీల్లేని పాటకి ఇంత ప్రచారం చేసిన మనిషి ఈ దీవుల్లో మరొకడు లేడు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. నోట్లో దూది కుక్కి ఉండగానే "ఆ ఆఆ విన్నాఆ?" అన్నాడట. నొప్పి పుడుతోందనుకుని డాక్టరు ఇంకో సూది పొడిచాడు. ఇంకోసారి షిప్పు టిక్కెట్ల కోసం నాలుగు గంటలు లైన్లో నిలబడి, తన వంతు రాగానే కిటికీలో తల దూర్చి గుమస్తాని "భయ్యా, మా పాట విన్నారా?" అని అడిగాడు. వెనకనున్న వాళ్ళంతా ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపులకి గుమస్తా భయపడి కిటికీ మూసేశాడు. ఆ వారం మా వీధిలో ఎవరూ మాయాబందర్ వెళ్ళలేదు.

పరామర్శలకి వెళ్ళినప్పుడు మాత్రం మా బుల్లమ్మత్త ఆయన పక్కనే కూర్చుని, తొడ మీద చెయ్యి వేసి ఉంచేది. ప్రేమతో కాదు. నోరు తెరవగానే గిల్లడానికి.

పాట ఎలా ఉంటుందని మరీ పట్టుబడితే, గిటారు వాయించిన ముక్క నోటితో వినిపిస్తాడు. కళ్ళు మూసుకుని, మెడ ఊపుతూ, "ట్రైం ట్రైం టటట ట్రైం" అంటాడు. సరిగ్గా మాటలు రావలసిన చోట నోరు మూసేస్తాడు. "ఆ తరవాత?" అంటే, "తరవాత క్యాసెట్టులో ఉంది" అంటాడు. క్యాసెట్టు ఎక్కడుంది అంటే ముందే చెప్పాను కదా.

ఆయనకి పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో రేడియోలు, మిక్సీలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఇల్లు ఆస్టినాబాద్‌లో. నేను ఆయన బామ్మర్ది సూరయ్య కూతుర్ని. మాది హట్ బే, షిప్పులో వెళ్ళాల్సిన వేరే దీవి. సునామీలో మా స్కూలూ, నాన్న పడవా రెండూ పోయాయి. పడవ మళ్ళీ వచ్చింది. నా చదువు మాత్రం ఏడో క్లాసు దగ్గరే ఉండిపోయింది. 2005 మార్చిలో నన్ను అత్త దగ్గరికి పంపారు. అప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను. చదివినంత కాలం హిందీలో చదివాను కనక తెలుగు అక్షరాలు మావయ్య కొట్టులోనే నేర్చుకున్నాను. విశాఖపట్నం నుంచి వచ్చే సామాన్లకి చుట్టిన పాత పేపర్లే నా వాచకాలు.

నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడని పిల్ల ముందు జనం అన్నీ మాట్లాడేస్తారు. అందుకని మావయ్య కథ నాకు తెలిసినంత బాగా అత్తకి కూడా తెలియదు.

లంగర్ బాయ్స్ అంటే ముగ్గురు. మావయ్య గిటారు వాయిస్తూ పాడేవాడు. జోగులు డ్రమ్ములు. అందులో ఒకటే అసలు డ్రమ్ము, మిగతావి చేపల టబ్బులు. గణపతి లావు తీగెల గిటారు. మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో సాధన చేసేవాళ్ళు. చుట్టుపక్కల ఎవరూ లేరు కనక ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. పక్క సందులో ఎండుచేపలమ్మే అచ్చమ్మ మాత్రం, ఆ టబ్బుల మోతకి తన చేపలు రెండోసారి చచ్చిపోతున్నాయని తిట్టేది.

ముగ్గురూ విశాఖపట్నం వెళ్ళి పాట రికార్డు చేయించారు. అయిదొందల క్యాసెట్లు. అట్ట మీద ముగ్గురూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడవలో నిలబడ్డ ఫోటో. పడవ ఊగడం వల్ల గణపతికి సగం తలే పడింది. రెండు పెట్టెల సరుకు 2004 డిసెంబరు 22న షిప్పులో దిగింది. నెలాఖరున జనం ముందు పాడి, క్యాసెట్లు అమ్మాలని ఏర్పాటు.

పాటేమిటంటే, అలిగి ఒడ్డు దాకా వచ్చి వెనక్కి పోయే అమ్మాయిని కెరటంతో పోలుస్తూ రాసింది. మావయ్యే రాశాడు.

"కెరటమా కెరటమా, దూరం నుంచే చూస్తావేం?
గడప దాటి లోపలికి రా, ఒక్కసారి మా ఇంటికి రా!"

క్యాసెట్లు దిగిన నాలుగు రోజులకి డిసెంబరు 26.

ఆ రోజు గురించి నవ్వుతూ రాయడం తేలిక కాదు. హట్ బేలో పోయినవాళ్ళ పేర్లు నాకు ఇంకా వరసగా గుర్తున్నాయి. కాని పోర్ట్ బ్లెయిర్‌లో గుట్ట మీద జరిగిన సంగతి మాత్రం మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే చెప్పుకుంటారు. పొద్దున్నే భూమి కదిలింది. నీళ్ళు పైకి వస్తున్నాయని అందరూ గుట్టెక్కారు. మావయ్య ఒక్క గిటారు మాత్రం భుజాన వేసుకుని ఎక్కాడు. అచ్చమ్మ ఆయన్ని చూసింది.

"ఒరే కన్నా! నెల్రోజులై ఇంటికి రా, ఇంటికి రా అని పిలిసినావు కదరా! వొచ్చీసింది, సూడు! నువ్వే పిలిసినావు, నువ్వే పొమ్మను!"

"పిన్నీ, అది ఆడపిల్ల మీద రాసిన పాట..."

"దానికి తెలుసేటి? పొమ్మనరా ముందు!"

చుట్టూ ఉన్న వాళ్ళందరూ ఆయన్నే చూస్తున్నారట. మావయ్య గుట్ట అంచుకి వెళ్ళి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "పో! ఎల్లిపోవే తల్లీ!" అని అరిచాడు. నీళ్ళు వెనక్కి తీశాయి.

"ఇన్నాదిరా నీ మాట!" అని అచ్చమ్మ దణ్ణం పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ వచ్చాయి.

"మళ్ళీ ఏటి కూసినావురా!"

"నాను నోరు తెరవలేదు పిన్నీ! గణపతి సాక్షి!"

ఆ రోజు నుంచి మావయ్య ఆ పాటలో మాటలు మళ్ళీ పలకలేదు. నోటితో గిటారు మాత్రమే.

ఇక ఆ పాట ఎవరు కొంటారు? కొట్టులో ఆ క్యాసెట్టు కనిపిస్తే కొట్టు మిగలదని కొందరు చెప్పి మరీ వెళ్ళారు. కాని నేను మార్చిలో వచ్చిన కొత్తలో, ఒక పెట్టె అప్పటికే ఖాళీ, రెండోదాంట్లో అడుగున కాసిని ఉన్నాయి. ఎండాకాలం తిరిగేసరికి అవీ లేవు. ఆ ఖాళీ పెట్టెల్లో అత్త ఉల్లిపాయలు పోసింది. అప్పుడే "అయిదొందలూ అయిపోయాయి" అనడం మొదలైంది.

ఎవరి ఇంట్లోనూ ఆ క్యాసెట్టు లేదు. కొన్నానన్న మనిషి లేడు. దాని మీద ఊరంతా తలో మాట అనుకున్నారు. మావయ్యే సముద్రంలో కలిపేశాడని, క్షమాపణగా ఇచ్చుకున్నాడని అచ్చమ్మ చెప్పేది. అసలు పెట్టెల్లో మొదటి నుంచీ ఉల్లిపాయలే వచ్చాయని జోగులు కొడుకు అనేవాడు. అత్త అయితే, "నాను కట్టుకున్న పెళ్ళాన్ని. నాకే వినిపించలేదు. వినిపించమంటే స్టాకు లేదంటాడు. ఇంట్లో పెళ్ళానికి కూడా స్టాకు లేదనే మొగుణ్ణి ఎక్కడైనా చూశావేటే?" అని నన్ను అడిగేది. చూడలేదని తల అడ్డంగా ఊపేదాన్ని.

ఇలా పదేళ్ళు గడిచాయి. 2014 డిసెంబరులో ఒక సోమవారం పొద్దున చాందిని మేడమ్ పాత టేప్ రికార్డరు బాగుచేయించుకోవడానికి కొట్టుకి వచ్చింది. ఆవిడ రేడియోలో పనిచేస్తుంది. మావయ్య అలవాటు ప్రకారం అడిగాడు.

"మేడమ్, మా పాట విన్నారా?"

"లంగర్ బాయ్సా? అరే, మీరేనా ఆ కన్నారావ్ జీ!" అంది ఆవిడ. "మీ కోసమే వెతుకుతున్నాను. దీవుల్లో పుట్టిన బ్యాండ్ల మీద ప్రోగ్రామ్ చేస్తున్నాం. మీదే సబ్‌సే పహలా, అందరికన్నా మొదటి రికార్డు అని ఎవరో చెప్పారు. ఈ గురువారమే ప్రసారం. ఒక్క కాపీ ఇవ్వండి చాలు."

పదేళ్ళలో మొదటిసారి ఒక మనిషి ఆ పాట నిజంగా కావాలని అడిగింది. మావయ్య చేతిలో స్క్రూడ్రైవరు కింద పడింది.

"అయిపోయాయి" అన్నాడు. ఈసారి ముఖం వెలగలేదు.

"ఒక్కటి కూడానా? ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది కదా. బుధవారం సాయంత్రం దాకా చూస్తాను. దొరక్కపోతే క్యా కరేఁ, ఏం చేస్తాం, ఆ టైము వేరే బ్యాండుకి ఇచ్చేస్తాను" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు మావయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. పాలవాణ్ణి అడగలేదు. కరెంటు మీటరు చూసే అతను వచ్చి, గుమ్మంలో కాసేపు ఆగి, తనే ఇబ్బందిగా ముఖం పెట్టి వెళ్ళాడు. అన్నం ముందు కూర్చుని వేలితో కంచం అంచు మీద తాళం వేస్తున్నాడు. మాటలు రావలసిన చోట ఆపేస్తున్నాడు. అత్త భయపడింది.

"ఏటే కళా, ఈయన మాటాడకుండా ఉంటే ఇల్లు గుడిలా ఉందే! నాకు నచ్చలేదు. నువ్వెళ్ళు. ఎక్కడున్నా సరే, ఒక్క క్యాసెట్టు పట్టుకురా."

నన్ను పంపింది. ఎవరినీ పలకరించలేని నన్ను ఊరి మీదికి పంపింది. సంచిలో చిన్న టేప్ రికార్డరు వేసుకుని బయల్దేరాను, దొరికితే అక్కడే పెట్టి చూడడానికి.

ముందు జోగులు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. స్టాండు దగ్గర నిలబడి నేను నోరు విప్పేలోపల ఇద్దరు ప్యాసింజర్లు ఎక్కేశారు. వాళ్ళని దింపి వచ్చాక చెప్పాను.

"నా కాపీయా?" అన్నాడు జోగులు. "మీ మావే పట్టుకుపోనాడు కదే! సునామీ అయిన మూడో నెల. 'చిన్న పనుంది, ఇస్తాను' అన్నాడు. ఇప్పటికీ లేదు. నా డ్రమ్ములు నాకే వినే రాత లేదు, యార్!"

మాయాబందర్ జెట్టీలో పనిచేస్తున్న గణపతికి ఫోన్ చేశాను. "నాదీ కన్నారావే అడిగాడు" అన్నాడు. "షిప్పులో పంపించాను. ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా. అట్ట మాత్రం ఇక్కడే ఉంది. సగం తలతో."

అంటే పెట్టెల్లోవే కాదు, స్నేహితుల దగ్గర ఉన్నవి కూడా మావయ్యే లాగేసుకున్నాడన్న మాట. జోగులు ఆటో తిప్పుకుని నేరుగా కొట్టుకి వెళ్ళాడు. నేను వెనక సీట్లోనే ఉన్నాను.

"ఒరే కన్నా! నిజం చెప్పు. ఏటి సేసినావు?"

"అయిపోయాయిరా."

"ఎలా అయిపోతాయిరా! తిన్నావా?"

"అయిపోయాయన్నాను కదా!" అని మావయ్య ఒక మిక్సీలోకి తల దూర్చేశాడు. జోగులు వెళ్ళిపోయేదాకా ఆ తల బయటికి రాలేదు. ఆ మిక్సీ పాడయింది కాదు, కొత్తది.

మంగళవారం పొద్దున ఆస్టినాబాద్‌లో ఇల్లిల్లూ తిరిగాను. లంగర్ బాయ్స్ క్యాసెట్టు ఉందా అంటే అందరూ నవ్వారు. నాలుగిళ్ళు అయ్యాయి. అయిదోది ఎరుకమ్మ మామ్మది. డెబ్బై దాటిన మనిషి. నేను గుమ్మంలో నిలబడి ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే, దేవుడి అర మీద, పటాల పక్కన, ఒక క్యాసెట్టు కనిపించింది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. ఒక మూల, దెబ్బ తగిలితే వేసుకునే మందు పట్టీ అంటించి ఉంది.

"మామ్మా, ఆ క్యాసెట్టుకి దెబ్బ తగిలిందా?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది.

"మీ మావే ఏసినాడు, క్యాంపులోని మందుల డబ్బాలోంచి తీసి. అది ఏస్తేనే మాట పడతాదంట" అంది ఎరుకమ్మ. "అది పాట కాదే. మా అక్క గొంతు."

కొట్టులో పదేళ్ళున్న నాకు ఆ పట్టీ సంగతి అర్థమైంది. పాటలతో అమ్మే క్యాసెట్టుకి మూల చిన్న కన్నం ఉంటుంది, దాని మీద ఇంకేమీ రికార్డు కాకుండా. ఆ కన్నం మూసేస్తే పాట చెరిగి కొత్త గొంతు పడుతుంది. క్యాసెట్టు మీద "ఎరుకమ్మ, భావనపాడు" అని కాగితం అంటించి ఉంది. గోటితో అంచు లేపి చూశాను. కింద అచ్చులో "లంగర్ బాయ్స్" అని ఉంది.

సంచిలోంచి టేప్ రికార్డరు తీసి పెట్టాను. ట్రైం ట్రైం టటట ట్రైం. నాలుగు దెబ్బలు గిటారు. టక్ మని చప్పుడు. తర్వాత ఎరుకమ్మ గొంతు, "అక్కా, నాను బతికే ఉన్నానే..." అని. అది అయిపోయాక ఇంకో గొంతు, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా వచ్చింది.

"ఒసే ఎరుకా! బతికే ఉన్నావా! మరి ముందే సెప్పొద్దా? నీ పేరున పదకొండో రోజు భోజనాలకి ఊరందర్నీ పిలిసేసినానే! బస్తా బియ్యం కొనీసినాను! ఇప్పుడు వాళ్ళకి ఏటి సెప్పమంటావు!"

ఎరుకమ్మ పకపకా నవ్వి, కళ్ళు తుడుచుకుని సంగతి చెప్పింది.

ఇళ్ళు మునిగి అందరూ స్కూలులో పెట్టిన క్యాంపులో ఉన్నారు. ఫోన్ దొరకడం గగనం. పెద్దవాళ్ళకి రాయడం రాదు. పిల్లలకి రాయడం వచ్చు కాని, వాళ్ళది హిందీ చదువు. ఎరుకమ్మ మనవరాలు పాపం శ్రద్ధగా "మేమందరం క్షేమం" అని హిందీలోనే రాసి పోస్టు చేసింది. సముద్రం అవతల, వాళ్ళ అక్క ఉండే భావనపాడులో హిందీ చదివే మనిషి లేడు. హిందీలో వచ్చిందంటే సర్కారు కాగితమే, మనిషి పోయిందన్న కబురే అనుకుని ఎరుకమ్మ అక్క ఏడుపు మొదలుపెట్టింది. క్యాంపులో ఇరవై ముప్పై ఇళ్ళ ఉత్తరాలు అలాగే వెళ్ళాయి. అక్కడ ఇరవై ముప్పై ఇళ్ళలో ఏడుపులు. షిప్పులో వచ్చిన ఒక బంధువు ఈ మాట చెప్పాడు.

"ఆ సాయంత్రమే మీ మావ స్కూటరు మీద టేపు ఏసుకుని వొచ్చినాడు" అంది ఎరుకమ్మ. "'రాయొద్దు, మాటాడండి, షిప్పోళ్ళ చేత పంపుతాను, అదే క్యాసెట్టులో జవాబు తెప్పిస్తాను' అన్నాడు. 'క్యాసెట్లు ఎక్కడివిరా నాయినా' అంటే, 'కొట్టులో పాత సరుకు, పనికిరానివి' అన్నాడు. ఒక్క క్యాంపేటి, ఊళ్ళో ఉన్న క్యాంపులన్నీ తిరిగినాడు. సెవులకి అవేవో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుకుంటా కూకునేవోడు. మనం నోరు తెరిస్తే టక్కున ఎర్ర బొత్తం నొక్కీవోడు."

చెవులకి పెట్టుకున్నదేమిటో, తల ఎందుకు ఊపాడో నాకు తెలిసిపోయింది. ఎదుటి మనిషి గొంతు పెగిలేదాకా మావయ్య తన పాట తను వింటున్నాడు. ఆఖరిసారి. నోరు తెరవగానే చెరిపేస్తున్నాడు. ధైర్యస్తుల క్యాసెట్టులో రెండు దెబ్బలు మిగిలి ఉంటాయి. సిగ్గున్న వాళ్ళ క్యాసెట్టులో ఇంకాస్త.

అప్పుడు నా క్యాసెట్టు గుర్తొచ్చింది.

నేను వచ్చిన వారంలోనే మావయ్య నన్ను కూడా మైకు ముందు కూర్చోబెట్టాడు. "మీ నాన్నకి పంపుదాం, మాటాడు" అన్నాడు. నాకు పన్నెండేళ్ళు. ఏం చెప్పాలో తెలియలేదు. నోరు తెరవలేదు. మావయ్య చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బొత్తం మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆఖరికి కళ్ళు తెరిచి, "అయిపోయింది, లే. చాలా బాగా మాటాడినావు" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ఆ రోజు అన్నం మానేశాను.

ఎరుకమ్మ ఇంటి గుమ్మంలోంచే హట్ బేకి ఫోన్ చేశాను.

"నాన్నా, పదేళ్ళ కింద మావ పంపిన క్యాసెట్టు ఉందా?"

"ఏది? నువ్వు పంపిన పాటా?"

"నేను పాట పంపానా?"

"నువ్వు కాపోతే మరెవలు! నీ గొంతు ఇందామని అందరం సుట్టూ కూకున్నాం. పాట మొదలైంది, అయిపోనాది. నీ మాట లేదు. పిల్లకి సిగ్గు కదా, మాటకి బదులు పాట పంపినాదీ అని మీ అమ్మ అన్నాది. పడవ లాగినప్పుడల్లా అదే పాడతాం. ఊరందరికీ వొచ్చు."

"అందులో కెరటాన్ని ఇంటికి రమ్మని ఉంది కదా నాన్నా. మీకు భయం వెయ్యలేదా?"

"మొదట ఏసింది. మరి పదేళ్ళై పిలుస్తన్నాం. రాలేదు. పిలిస్తే రాదని తేలిపోనాది."

క్యాసెట్టు ఎవరిచేతనైనా పంపమంటే నాన్న ఒప్పుకోలేదు. "నా కూతురు పంపింది ఎవలికో ఇస్తానేటి?" అని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బుధవారం షిప్పులో తనే వచ్చాడు. షిప్పు రెండు గంటలు ఆలస్యం. జెట్టీలో జోగులు ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. సంగతంతా అప్పటికే చెప్పేశాను అతనికి. ఆటో ఎంత జోరుగా నడిపాడంటే, పాట దొరికినా వినడానికి మేం మిగలమనుకున్నాను.

కొట్టు బల్ల మీద నాన్న క్యాసెట్టు పెట్టాడు. మూల మందు పట్టీ. మావయ్య దాన్ని చూశాడు, నన్ను చూశాడు, జోగుల్ని చూశాడు. మిక్సీ కోసం వెతికాడు. అది నేను ముందే దాచేశాను.

"నీకు తెలుసు కదా మావా, హట్ బేలో ఒకటి మొత్తం ఉందని?" అన్నాను.

"తెలుసు."

"మరి అడగలేదేం?"

"ఉత్తరం ఎనక్కి ఇమ్మని ఎలా అడుగుతానే?"

"అందులో నా మాట లేదుగా!"

"మాట లేకపోతే ఏం? నాలుగు నిమిషాలు మీ నాన్న కోసం కూకున్నావు కదా. అది నీ ఉత్తరమే" అన్నాడు.

జోగులు ముక్కు చీదుకుని, "మాకైనా సెప్పొచ్చు కదరా, ఎదవా" అన్నాడు.

"సెప్తే నువ్వు ఊరుకుంటావా? ఊరంతా సెప్తావు. ఒకడి పాట చెరిపి మన మాట పెట్టుకున్నాం అని తెలిస్తే వాళ్ళకి ఎలగుంటాది? మొదట్లో ముక్క ఉంచాను కదా ప్రతిదాంట్లో. అయిదొందల ఇళ్ళకి నా గిటారు ఎళ్ళింది. చాలదా?"

జోగులు మళ్ళీ ముక్కు చీదబోయాడు. నాన్నే కాపాడాడు. "బావా, పాట బాగుంటాది గానీ మరీ జోరు. మేం నెమ్మది సేసి పాడతన్నాం" అన్నాడు.

మావయ్య తల ఎత్తాడు. "నెమ్మదా?"

"పడవ బరువు కదా. ఒక్కో మాటకి ఒక్కో లాగుడు."

"అది రాక్ పాట బావా! దాన్ని సాగదీస్తే చచ్చిపోద్ది!"

"సావలేదే. పదేళ్ళై పాడతన్నాం."

వాళ్ళిద్దరూ దెబ్బలాడుకుంటూ ఉంటే నేనూ జోగులూ క్యాసెట్టు పట్టుకెళ్ళి చాందిని మేడమ్‌కి ఇచ్చాం. ఆవిడ పెట్టిన గడువుకి పావుగంట ఉంది. ఆవిడ కాపీ తీసుకుని అసలుది వెంటనే తిరిగి ఇచ్చేసింది. అలా అయితేనే ఇస్తానని నాన్న ముందే షరతు పెట్టాడు మరి.

గురువారం అత్త ఇంట్లో పాతికమంది రేడియో చుట్టూ చేరారు. అచ్చమ్మ ముందు వరసలో కూర్చుని, కెరటం వస్తే పరిగెత్తడానికి, జాగ్రత్త కోసమని చెప్పులు చేత్తో పట్టుకుంది. పాట మొదలైంది. అత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. మావయ్య గొంతు పదేళ్ళ కిందటిది, పల్చగా, పొగరుగా ఉంది. మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకోబోతుండగా పాట ఆపి, "ముఖ్య గమనిక. గాలి వల్ల రేపటి హట్ బే షిప్పు రద్దు చేయడమైనది" అని చదివారు. తర్వాత వేరే కార్యక్రమం మొదలైపోయింది.

ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పాట గురించి కాదు. "సూరయ్యా, మరి ఎలా ఎల్తావు?" "టిక్కెట్టు మార్చుకోవాలి!" "ఆదివారం ఉంటాదా?" మావయ్య రేడియో వంకా, జనం వంకా చూసి, నెత్తి గోక్కుని, తను కూడా షిప్పు టైములు చెప్పడం మొదలుపెట్టాడు.

గాలి తగ్గాక ఆదివారం నాన్నతో పాటు మావయ్య కూడా హట్ బే వచ్చాడు. నన్నూ తీసుకెళ్ళాడు. తన పాటని ఎలా పాడు చేశారో కళ్ళారా చూసి, సరిదిద్ది వస్తానన్నాడు. గిటారు కూడా తెచ్చాడు.

ఇసక మీద పన్నెండు మంది తాడు పట్టుకుని నిలబడ్డారు. నాన్న ఎత్తుకున్నాడు. "కెరటమా..." అని లాగి, ఊపిరి తీసుకుని, "కెరటమా..." అని మళ్ళీ లాగారు. పడవ జానెడు కదిలింది. మావయ్య చెవులు మూసుకున్నాడు.

"జోరుగా! ఇలా!" అని గిటారు మీటాడు. టటట ట్రైం!

మర్యాదకి ఒకసారి ఆ జోరుతోనే పాడి చూశారు. ఎవరి లాగుడు వాళ్ళదయింది. తాడు జారింది. ఆరుగురు వెనక్కి పడ్డారు, నాన్న అందరికన్నా కింద. పడవ మాత్రం దర్జాగా ఉన్నచోటే ఉంది. ఒడ్డున ఆడవాళ్ళు నవ్వలేక కూలబడ్డారు. నేనూ బయటికే నవ్వాను.

మావయ్య కాసేపు పడవనీ, పాటగాళ్ళనీ చూశాడు. తర్వాత గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని వెళ్ళి, నాన్న వెనక తాడు పట్టుకున్నాడు.

"సరే బావా. నీ తాళమే కానీ" అన్నాడు.